పార్టిషన్ లెక్కల్లో ఓవర్‌ఫ్లోను సరిచేయబోయే ముందు

చిరంజీవి తమ్ముడికి,

3 టెరాబైట్ల డిస్కు మీ కెర్నెల్‌కు (ఆపరేటింగ్ సిస్టమ్ మూల ప్రోగ్రాముకు) సుమారు 746 గిబిబైట్లదిగా (గిబిబైటు అంటే 1024 × 1024 × 1024 బైట్లు) కనిపిస్తోందని నీవు రాసిన వాక్యం చదవగానే కారణం సగం తెలిసిపోయింది. అటువంటి డిస్కులో 512 బైట్ల సెక్టర్లు (డిస్కు చదివే, రాసే అతిచిన్న ముక్కలు) సాధారణంగా 5,86,05,33,168 ఉంటాయి. ఆ సంఖ్య 32 బిట్లలో పట్టదు, దీన్నే ఓవర్‌ఫ్లో అంటారు; అందులోంచి 4,29,49,67,296 తీసివేస్తే మిగిలే 1,56,55,65,872 సెక్టర్లే మీ ప్రోగ్రాముకు అందుతున్నాయి. దాన్ని 512తో హెచ్చవేసి చూడు, నీకు కనిపించిన పరిమాణమే వస్తుంది. తప్పుడు అంకె నుంచి ఇలా వెనక్కి లెక్కకట్టడం అలవాటైతే, ఎన్ని బిట్ల దగ్గర విలువ తెగిందో డీబగ్గర్ (తప్పులు వెతికే సాధనం) తెరవకముందే తెలుస్తుంది.

ఇక తెగిన చోటు వెతకాలి. పరిమాణాన్ని తెరపై చూపే ఫంక్షన్‌ను మార్చి ఊరుకోవద్దు. రెండు 32 బిట్ల విలువలను హెచ్చవేస్తే లబ్ధం కూడా 32 బిట్లలోనే తయారవుతుంది కనుక, ఆ తరువాత దాన్ని 64 బిట్ల చరరాశిలో పెట్టినా పోయిన బిట్లు తిరిగి రావు. విలువను 64 బిట్ల రకానికి మార్చే కాస్ట్‌ను బ్రాకెట్ బయట కాక, లోపలి మొదటి విలువకే తగిలించాలి. నేనూ ఒకప్పుడు బయటే పెట్టి, పరీక్షకు వాడిన డిస్కు చిన్నది కావడంతో అంతా బాగుందనుకున్నాను.

కూడికతో చేసే తనిఖీలు ఇంతకంటే ప్రమాదకరం. డిస్కు మొదటి సెక్టరులో ఉండే పాత తరహా పార్టిషన్ (డిస్కు భాగాల) పట్టిక అయిన ఎంబీఆర్‌లో, ఒక్కో భాగం ప్రారంభ సెక్టరుకూ పొడవుకూ చెరి 32 బిట్లే ఉంటాయి. వాటి మొత్తం 32 బిట్లు దాటి సున్నా వైపు చుట్టుకుంటే, డిస్కు వెలుపలికి పోయే పార్టిషన్ కూడా తనిఖీలో నెగ్గుతుంది. కనుక కూడవద్దు: ప్రారంభం మొత్తం సెక్టర్లను మించలేదని ముందు చూసి, ఆ తరువాత మొత్తంలోంచి ప్రారంభాన్ని తీసివేయగా మిగిలినదానితో పొడవును పోల్చు. సైన్డ్ (రుణ సంఖ్యలనూ పట్టే) విలువలైతే, సీ భాషలో వాటి ఓవర్‌ఫ్లోకు నిర్వచనమే లేదు కాబట్టి, కూడిన తరువాత పెట్టిన తనిఖీని కంపైలర్ తీసిపారేయవచ్చు.

ఎంబీఆర్ తరువాత వచ్చిన పట్టిక రూపమైన జీపీటీలో సెక్టర్ చిరునామాలు 64 బిట్లవే అయినా ధీమా పనికిరాదు. ఎంట్రీల (ఒక్కో పార్టిషన్ వివరాల) సంఖ్య, ఒక్కో ఎంట్రీ పరిమాణం హెడర్‌లో (పట్టిక ముందుండే సమాచారంలో) 32 బిట్ల విలువలుగానే ఉంటాయి. వాటి లబ్ధం తెగితే మెమరీ తక్కువగా కేటాయించి, ఎక్కువ ఎంట్రీలు ఉన్నాయనుకుని దాని హద్దు దాటి చదివే పరిస్థితి వస్తుంది. డేటా చెడిపోలేదని చూసే సీఆర్‌సీ అంకె సరిపోయిందన్నది ఇక్కడ భరోసా కాదు. దురుద్దేశంతో డిస్కు తయారుచేసేవాడు సీఆర్‌సీని కూడా సరిగ్గానే లెక్కకట్టి పెడతాడు. హెచ్చవేతకు, ఓవర్‌ఫ్లో జరిగితే చెప్పే కంపైలర్ బిల్ట్‌ఇన్‌ను (కంపైలరే అందించే ఫంక్షన్‌ను) వాడు. జీసీసీ కంపైలర్‌లో అవి 5వ వెర్షన్ నుంచి ఉన్నాయి.

ఒక హద్దును మాత్రం నీ ప్యాచ్ (నీవు పంపబోయే సవరణ) మార్చలేదు. ఎంబీఆర్ రూపం డిస్కు మీద స్థిరపడిపోయింది. చరరాశులను ఎంత పెంచినా, 512 బైట్ల సెక్టర్లతో 2 టెబిబైట్ల (టెబిబైటు అంటే 1024 గిబిబైట్లు) దగ్గర గానీ, దాన్ని దాటి గానీ ఉన్న ప్రారంభాన్ని అందులో రాయలేము. అటువంటి కోరిక వస్తే విలువను కత్తిరించి రాయక, స్పష్టమైన ఎర్రర్‌తో తిరస్కరించాలి.

పరీక్షకు పెద్ద డిస్కు కొననక్కరలేదు. 3 టెరాబైట్ల స్పార్స్ ఫైలును (ఖాళీ భాగాలకు నిజమైన చోటు తీసుకోని ఫైలును) లూప్ పరికరంగా, అంటే డిస్కులా కనిపించేలా, తగిలించు. సరిగ్గా 2 టెబిబైట్లకు, దానికి ఒక సెక్టరు తక్కువకు, ఒక సెక్టరు ఎక్కువకు విడివిడిగా నడుపు. 4096 బైట్ల సెక్టర్లతోనూ, 32 బిట్ల బిల్డ్‌లోనూ మళ్లీ నడిపిన తరువాతే ప్యాచ్ పంపు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య