జవాబు: ఆన్ ఫ్రాంక్ డైరీని పిల్లలు పైపైన చదివేస్తుంటే

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో యూదులను వేటాడిన జర్మన్ నాజీల నుంచి తప్పించుకోవడానికి, ఆమ్‌స్టర్‌డామ్‌లో కుటుంబంతో రెండేళ్లు దాక్కున్న యూదు బాలిక ఆన్ ఫ్రాంక్. మీ తొమ్మిదో తరగతి పిల్లలు ఆమె డైరీని ఒక అమ్మాయి అలకల కథగా చదివి, ఇందులో నాజీల ఘోరం ఎక్కడుందని అడుగుతున్నారని రాశారు. అది సరైన ప్రశ్నేనండీ. డైరీ 1944 ఆగస్టు 1న ఆగిపోయింది, దాక్కున్నవారి అరెస్టు అదే నెల 4న జరిగింది, కాబట్టి ఘోరంలో అధికభాగం పుస్తకానికి బయటే ఉంది.

శవాల ఫొటోలతో కాకుండా 1942 జూన్ 20 నాటి పేజీతో పాఠం మొదలుపెట్టండి. యూదులు పసుపు నక్షత్రం ధరించాలని, సైకిళ్లు అప్పగించాలని, ట్రాములు ఎక్కరాదని, మధ్యాహ్నం మూడు నుంచి ఐదు గంటల మధ్యే సరుకులు కొనుక్కోవాలని విధించిన ఆంక్షలను ఆమె అక్కడ వరుసగా రాసింది. ఒక్కొక్క ఆంక్షను ఎవరు విధించి ఉంటారు, ఎవరు అమలు చేసి ఉంటారు, పక్కింటివారు ఏం చేయగలిగేవారు అన్నది పిల్లలచేతనే రాయించండి. దాక్కున్నవారిలా నటింపజేసే అభ్యాసం మాత్రం వద్దు. రెండేళ్ల భయం అరగంట ఆటగా మారిపోతుంది (పాఠ్యప్రణాళికలు దాన్ని ఎందుకంత ఇష్టపడతాయో నాకు అర్థం కాదు).

చదవడం ముగిశాక, దాక్కున్న ఎనిమిది మందిలో తండ్రి ఓటో ఒక్కరే ప్రాణాలతో తిరిగివచ్చారని, ఆన్ 1945లో బెర్గెన్-బెల్సెన్ నిర్బంధ శిబిరంలో మరణించిందని చెప్పండి. ఆ రోజు బిగ్గరగా చదవమని ఎవరినీ బలవంతపెట్టకుండా, మర్నాటి పీరియడ్‌ను పూర్తిగా వారి ప్రశ్నలకే కేటాయించండి.