ఒపెరాను ఇరవై నిమిషాలకే ఆపేసిన బిడ్డకు

బిడ్డా,

ఒపెరా, అంటే కథంతా పాటల్లోనే నడిచే నాటకం, పెట్టుకుని ఇరవై నిమిషాలకే ఆపేశానని మొన్న ఫోన్‌లో చెప్పినవు కదా, అందులో నీ తప్పేం లేదు. నువ్వు మొదలుపెట్టిందే జర్మన్ సంగీతకారుడు వాగ్నర్ 'రింగ్'తో, అది నాలుగు ఒపెరాలు కలిపి దాదాపు 15 గంటలు! ఈత నేర్చుకునేవాళ్లు బాయిలో దిగుతారు గానీ వానాకాలం గోదావరిలో దూకరు కదా.

ఇటలీ సంగీతకారుడు వెర్డి రాసిన 'లా ట్రావియాటా' చూడు. 1853లో వెనిస్‌లో మొదటిసారి ఆడారు, మొత్తం రెండు గంటల పైచిలుకు. క్షయతో ఉన్న వయొలెట్టా, ఆమెను ప్రేమించిన ఆల్ఫ్రెడో, మా పరువు కోసం నా కొడుకును వదిలెయ్యమని వచ్చి అడిగే అతని తండ్రి, కథ ఇంతే. ముగింపుతో సహా ముందే చదువుకో. తెలిసిపోతే మజా పోతుందనుకోకు. ఒగ్గుకథకు కూర్చున్నవాళ్లలో మల్లన్న కథ తెలియనివాళ్లు ఎవరున్నారు చెప్పు? అయినా తెల్లారేదాకా కదలరు, ఆ ఘట్టాన్ని ఈయన ఎట్లా పాడతాడో వినాలని.

ఇక సౌండ్. అసలు సంగతంతా ఇక్కడే ఉంది. ఒపెరా హాల్లో పాడేవాళ్లకు మామూలుగా మైకు ఉండదు, అంత పెద్ద ఆర్కెస్ట్రాను దాటుకుని గొంతు ఒక్కటే చివరి వరుస దాకా పోవాలి, అంత బలమున్న గొంతు మన టీవీ వెనకాల ఉండే చిన్న స్పీకర్లలో నలిగిపోయి అరుపులాగా వస్తుంది. నాకూ మొదట్లో తలనొప్పే వచ్చింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాక పాడే ఆమె ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది, ఆ రోజు నుంచి వదల్లేదు.

ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ పెట్టుకో, కానీ కళ్లు అక్కడే పెట్టకు. ఒకే మాటను నాలుగుసార్లు పాడతారు, ఒక్కసారి చదివి ముఖం చూడు. హాల్లో దూరంగా కూర్చున్నవాళ్లకు దొరకని ముఖం కెమెరా మనకు ఇస్తుంది.

మూడో అంకంలో వయొలెట్టా మంచం మీద నుంచి ఆల్ఫ్రెడో తండ్రి ఉత్తరం చదువుతుంది. అప్పటిదాకా పాడిన మనిషి అక్కడ పాడదు, ఉత్త మాటల్లో చదువుతుంది. కింద వయొలిన్ మీద మొదటి అంకంలో విన్న ప్రేమ పాట సన్నగా వస్తుంటుంది. చదవడం అయిపోయాక ఒక్క మాట అంటుంది, 'ఆలస్యమైపోయింది' అని. ఎన్నిసార్లు చూసినా అక్కడ నా గొంతు పట్టేస్తుంది.

అంకానికి అంకానికి మధ్య లేచి టీ పెట్టుకో, పాట మధ్యలో మాత్రం ఆపకు. ఫోన్ వంటింట్లో పెట్టెయ్.

ఒపెరా విజన్ అనే వెబ్‌సైట్‌లో యూరప్ ఒపెరా హౌసుల ప్రదర్శనలు ఉచితంగా దొరుకుతాయి, కొన్ని నెలలకు తీసేస్తారు కాబట్టి నచ్చింది కనిపిస్తే వాయిదా వెయ్యకు. ట్రావియాటాను పాతకాలం దుస్తుల్లో ఆడిన ప్రదర్శన ఒకటి చూశాక, 2005లో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో అన్నా నెట్రెబ్కో అనే గాయని వయొలెట్టాగా చేసిన ట్రావియాటా వెతుకు. స్టేజీ దాదాపు ఖాళీ, ఒక పెద్ద గడియారం, ఎర్ర గౌను, అంతే. నాకైతే అదే ఎక్కువ నచ్చింది.

ఇవి అలవాటయ్యాక అమెరికా సంగీతకారుడు ఫిలిప్ గ్లాస్ ఒపెరా 'సత్యాగ్రహ' చూద్దువు గాని. దక్షిణాఫ్రికాలో గాంధీ గురించి, పాడేదంతా సంస్కృతంలో, గీతా శ్లోకాలు. దానికి ఓపిక కావాలి, ఇప్పుడే వద్దు.

ఈ శనివారం ట్రావియాటా పెట్టు. ఆ ఉత్తరం చదివే చోటు అయ్యాక నాకు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా సరే.

మీ చిన్నమ్మ,
హన్మకొండ