బత్తాయి రైతుల యాప్ రాస్తున్న బిడ్డకు

చిరంజీవి బిడ్డకు పెద్దనాయన ఆశీస్సులు.

మన నల్లగొండ బత్తాయి రైతులు తోటల వివరాలు, కోతలు, అమ్మకాలు ఫోన్‌లోనే రాసుకునేందుకు యాప్ తయారు చేస్తున్నావని మీ నాయన చెప్పగానే ఎంతో గర్వపడ్డాను. నీవు పంపిన డేటా మోడల్ క్లాసుల ఫైలు, అంటే ఏ వివరాన్ని ఏ రూపంలో దాచాలో చెప్పే కోడ్, చూశాక మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెర మీది రంగులు నచ్చకపోతే వచ్చే వారం మార్చుకోవచ్చు. క్లాసులో ఒక ఫీల్డుకు, అంటే ఒక వివరానికి, రకాన్ని తప్పుగా ఎంచుకుంటే, అది రైతుల లెక్కల్లో కలిసిపోయాక విడదీయడం చాలా కష్టం.

తేలికైనవి ముందు చెబుతాను. ఫోన్ నంబరుతో, సర్వే నంబరుతో ఎవరూ కూడికలు చేయరు కాబట్టి వాటిని స్ట్రింగ్‌గా, అంటే అక్షరాల వరుసగా, ఉంచు. 214/అ అనే సర్వే నంబరు పూర్ణాంకంలో ఇమడదు. డబ్బును పైసల్లో, పూర్ణాంకంగా దాచు. వయసుకు బదులు పుట్టిన తేదీ తీసుకో. అవసరం లేనిచోట ఆధార్ అడగనే వద్దు.

ఇక విస్తీర్ణం. నీ ఫైలులో ‘విస్తీర్ణం: డబుల్’ అని, అంటే దశాంశ సంఖ్యగా, ఉండడం చూసి నాకు నిజంగా కోపం వచ్చింది. చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన చోట రైతుల వివరాలు ఎక్కించే సాఫ్ట్‌వేర్‌లో సరిగ్గా ఇదే జరిగింది. దాన్ని రాసినవాడు తెలివైనవాడే, రికార్డులో 2.20 అని చుక్క కనిపించింది, దశాంశం అనుకున్నాడు. ఆ చుక్కకు ఎడమవైపు ఎకరాలు, కుడివైపు గుంటలు ఉంటాయనీ, నలభై గుంటలైతేనే ఎకరమనీ అతనికి ఎవరూ చెప్పలేదు. 1.25, 1.25 ఉన్న రెండు చెలకలను కలిపితే మూడెకరాల పది గుంటలు రావాలి; యంత్రం 2.5 చూపింది. అంతకంటే ఘోరం, 1.10 అని ఎక్కించినది 1.1గా అచ్చయింది. చదివినవాళ్లు ఎకరం ఒక గుంట అనుకున్నారు. కాగితం మీద తొమ్మిది గుంటలు, అంటే 1,089 చదరపు గజాలు, మాయమయ్యాయి. దిద్దుదామంటే, 1.1 అని ఉన్నచోట రాసినవారి ఉద్దేశం ఒక గుంటా, పది గుంటలా అన్నది డేటాలో ఎక్కడా మిగలలేదు. ఒక్కొక్క పాసుపుస్తకం తెప్పించి మళ్లీ చూడవలసి వచ్చింది. ఎండలో నిలబడ్డ ఆ రైతులకు దశాంశం గురించి ఏమని చెప్పగలం? మీ తాత ఒక్క గుంట గట్టు తగాదా కోసం కోర్టు చుట్టూ ఎన్నేళ్లు తిరిగాడో నీవు చూడలేదు. నేను చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను, నొచ్చుకోకు బిడ్డా.

విస్తీర్ణానికి ఒక ప్రత్యేక క్లాసు రాయి. అర గుంట, పావు గుంట కూడా ఉంటాయి కనుక, గుంటలో వందో వంతును ప్రమాణంగా పెట్టుకొని మొత్తాన్ని ఒకే పూర్ణాంకంగా దాచు. ఎకరం పది గుంటలు 5000 అవుతుంది. తెర మీద చూపేటప్పుడు మాత్రమే ఎకరాలు, గుంటలుగా విడదీయి. నమోదు చేసేచోట ఎకరాలకు ఒక గడి, గుంటలకు ఒక గడి ఇచ్చి, గుంటల గడిలో నలభై, అంతకు మించిన అంకెను ఒప్పుకోకు.

దిగుబడి ఇంకా రాయనిచోట సున్నా పెట్టకు, నల్‌గా, అంటే విలువే లేని ఖాళీగా, ఉండనీ. కాత పోయిన రైతూ, ఇంకా కోయని రైతూ లెక్కల్లో ఒకటైపోతే అన్యాయం. జిల్లా పేర్లను ఈనమ్‌లో, అంటే కోడ్‌లోనే రాసిపెట్టే మారని జాబితాలో, బిగించకు. 2016 అక్టోబరు 11న మన జిల్లా నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి వేరుపడ్డాయి. 2019 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ నుంచి నారాయణపేట విడిపోయింది. గ్రామాన్ని మారని కోడ్‌తో గుర్తించి, జిల్లా పేరును వేరే పట్టిక నుంచి తెచ్చుకో.

మరొక భయం కూడా చెప్పాలి. లెక్కలను ఫోన్‌లోనే దాచడానికి నీవు రూమ్ డేటాబేస్ వాడుతున్నావు. పట్టిక రూపాన్ని చెప్పే ఎంటిటీ క్లాసు మార్చిన ప్రతిసారీ డేటాబేస్ వెర్షన్ పెంచి, పాత డేటాను కొత్త రూపంలోకి తెచ్చే మైగ్రేషన్ రాసి, పాత డేటా ఉన్న ఫోన్‌లో పరీక్షించు. తొందరలో ఫాల్‌బ్యాక్ టు డిస్ట్రక్టివ్ మైగ్రేషన్ అనే ఏర్పాటు పెట్టావంటే, మైగ్రేషన్ దొరకనప్పుడు పట్టికలను చెరిపి కొత్తగా కడుతుంది. సర్వర్‌కు చేరని లెక్కలన్నీ పోతాయి. సిగ్నల్ అందని తోటల్లో కూర్చొని రాసుకునేవాళ్లు మనవాళ్లు.

విస్తీర్ణం క్లాసు రాయగానే మన ఇంటి పాసుపుస్తకాల్లోని అంకెలన్నీ కూడి చూసి, వచ్చిన మొత్తం నాకు పంపించు. నేను ఇక్కడ చేత్తో కూడి పెట్టుకుంటాను. రెండూ కలిసేదాకా యాప్‌ను ఏ రైతు ఫోన్‌లోనూ వేయకు.

మీ పెద్దనాయన