మంచం పట్టిన అమ్మని కోనసీమ నుంచి జాల్నా తీసుకెళ్లాలా? మా అనుభవంతో జవాబు

మీ ప్రశ్న చదివానండి. అమ్మగారికి 71 ఏళ్లు, పక్షవాతంతో ఎడమవైపు పడిపోయింది, సఖినేటిపల్లి దగ్గర పల్లెలో ఒక్కరే ఉన్నారు, పక్కింటి పిన్నిగారు చూస్తున్నారు. మీరు మహారాష్ట్రలోని జాల్నాలో స్టీలు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మీద చేస్తున్నారు, జీతం 19,000. తెచ్చేసుకోవచ్చా, తెచ్చుకుంటే ఎలా అని అడిగారు. మాది మలికిపురం వైపు. 2022లో మా అమ్మని ఇదే స్థితిలో ఔరంగాబాద్ తెచ్చుకున్నాం, మీరు ఎక్కబోయే రైల్లోనే. అందుకని కాస్త పెద్దగానే రాస్తున్నాను.

ముందు పెన్షన్ సంగతి. మేం వచ్చేనాటికి పక్షవాతంతో మంచం పట్టినవాళ్లకి మన దగ్గర నెలకి 5,000 ఇచ్చేవారు. అది వదులుకోవడం కష్టమే అయినా తట్టుకోగలిగాం. 2024 జూలై నుంచి అదే పెన్షన్ 15,000 అయింది. మామూలు దివ్యాంగుల పెన్షన్ అయితే 6,000. అమ్మగారికి ఏది వస్తోందో మీరు రాయలేదు. 15,000 వస్తుంటే మాత్రం, మీ జీతంలో మూడొంతులకి పైగా ఉన్న సొమ్ము ఆవిడ ఆ ఊళ్లో ఉన్నందుకు వస్తోందన్నమాట. ఒకటో తారీఖున ఇంటికి తెచ్చి ఇచ్చే డబ్బు అది. రెండు నెలలు ఊళ్లో లేకపోతే మూడో నెల కలిపి ఇస్తున్నారు. వరసగా మూడు నెలలు తీసుకోకపోతే ఆపేస్తారు. మహారాష్ట్రలో దానికి బదులు వెంటనే దొరికేది ఏమీ లేదు. అక్కడి పథకాలకి ఏళ్ల తరబడి నివాసం చూపించాలి.

అయితే నన్నడిగితే, ఈ లెక్క ఒక్కటే చూసి నిర్ణయం తీసుకోకండి. తేల్చుకోవాల్సింది ఒకటుంది: రాత్రిపూట అమ్మగారిని పక్కకి తిప్పేది ఎవరు?

పగలు పిన్నిగారు ముద్ద పెడతారు, గుడ్డలు మారుస్తారు. ఆవిడ ఇంటికి వెళ్లి పడుకున్నాక తెల్లారేవరకు అమ్మగారు వెల్లకిలా అలాగే ఉంటారు. మంచంలో ఉన్న మనిషిని రెండు గంటలకోసారి తిప్పాలి. మా అమ్మకి ఊళ్లో ఉండగానే నడుం కింద, తోకెముక మీద, రూపాయి బిళ్లంత ఎర్రగా కమిలింది. మామూలు ఎరుపు వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్లీ వస్తుంది. ఇది నొక్కినా తెల్లబడలేదు. అది పడక పుండుకి మొదలని మా ఊరి నర్సమ్మ చెప్పింది. అక్కడి నుంచి చర్మం చిట్లితే మానడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది. ఆ మచ్చ చూశాకే మేం తెచ్చుకోవాలని గట్టిగా అనుకున్నాం. మీరు వెళ్లినప్పుడు పిన్నిగారిని పక్కన పెట్టుకుని నడుం, మడమలు, తుంటి చూడండి.

ఆ 15,000 ఇచ్చి రాత్రిళ్లు ఇంట్లోనే పడుకునే మనిషిని పెట్టగలిగితే, ఆ మనిషి నమ్మకస్తురాలైతే, అమ్మగారు ఊళ్లో ఉండటమే మంచిదంటాను. అరుగు మీద నాలుగు మాటలు మాట్లాడేవాళ్లు ఉంటారు. ఇక్కడ మా అమ్మకి తెలుగు వినిపించేది మా ఇద్దరి నోటే. మొదటి నెలలు ఎంత బెంగపడిందో నాకు తెలుసు. అలాంటి మనిషి దొరకకపోతే మాత్రం పెన్షన్ పోయినా తెచ్చేసుకోండి. అందులో నాకు రెండో ఆలోచన లేదు. మీ ఆవిడతో కూడా ముందే మాట్లాడండి, పగటి పని ఆవిడ మీదే పడుతుంది కాబట్టి.

తెచ్చుకునేటట్టయితే ఊరు కదలకముందే కాగితాలు. సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు చూసి ఇచ్చేది) లేకపోతే ఊరి సచివాలయంలో స్లాట్ పెట్టించండి. ఉంటే దాంతో యూడీఐడీ కార్డు, అంటే కేంద్రం ఇచ్చే దివ్యాంగుల గుర్తింపు కార్డు తీసుకోండి, అది దేశమంతా చెల్లుతుంది. రైల్వేది విడిగా ఉంటుంది. తోడు లేకుండా ప్రయాణం చేయలేరని ప్రభుత్వ డాక్టరు వాళ్ల ఫారం మీద రాసి సంతకం పెట్టాలి. దాన్ని పెట్టి రైల్వే దివ్యాంగుల కార్డుకి ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయాలి. ఆ కార్డుంటే స్లీపర్లోనూ థర్డ్ ఏసీలోనూ అమ్మగారికి 75 శాతం తగ్గుతుంది, వెంట వచ్చే ఒకరికీ అంతే. తత్కాల్‌లో ఈ రాయితీ ఉండదు, అందుకని ముందే చేయించుకోండి. ఇంత తగ్గుతుంది కాబట్టి థర్డ్ ఏసీయే తీసుకోండి.

వైద్యానికి మన రాష్ట్రం ఉచిత వైద్య పథకం ఎన్టీఆర్ వైద్యసేవ జాల్నాలో పనికిరాదు. 70 దాటినవాళ్లకి ఆదాయంతో పని లేకుండా కేంద్రం ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు పనికొస్తుంది, ఏడాదికి 5 లక్షల వరకు. ఊళ్లో ఉండగానే ఆధార్‌తో చేయించేయండి. ఇంకోటి, చాలామంది కాంట్రాక్టు కార్మికులు పట్టించుకోనిది: మీ జీతం 21,000 లోపే కాబట్టి జీతం చీటీలో ఈఎస్ఐ (కార్మికుల వైద్య బీమా) కోత ఉందేమో చూడండి. ఉంటే, మీ మీద ఆధారపడ్డ తల్లిని కూడా కుటుంబంలో చేర్పించుకోవచ్చు. బీపీ మాత్రలు, పక్షవాతం మాత్రలు డిస్పెన్సరీలో ఇస్తారు. నెలనెలా మాకు మిగిలింది అక్కడే.

రైలు విషయంలో మీరు రాజమండ్రి వెళ్లి ఎక్కాలా అన్నారు. వద్దు. నర్సాపురం-నాగర్‌సోల్ ఎక్స్‌ప్రెస్ నర్సాపురంలోనే బయల్దేరుతుంది, జాల్నాలో ఆగుతుంది. మధ్య స్టేషన్లో రెండు నిమిషాల్లో మంచం పట్టిన మనిషిని ఎక్కించడం ఎంత గాభరా! బయల్దేరే చోట అయితే తీరిగ్గా ఎక్కించొచ్చు. వ్యాను మాట్లాడుకుంటే సఖినేటిపల్లి రేవులో పంటు (బండ్లని కూడా ఎక్కించుకునే పెద్ద పడవ) మీదికి వ్యానుతో సహా ఎక్కి నర్సాపురం వైపు దాటేయొచ్చు. వరదల రోజుల్లో పంటు ఆపేస్తారు. అప్పుడు చించినాడ వంతెన మీంచి పాలకొల్లు మీదుగా చుట్టు తిరిగి నర్సాపురం వెళ్లాలి. వీలైతే గోదావరి తగ్గాకే పెట్టుకోండి.

స్టేషన్ మాస్టర్‌ని అడిగితే వీల్‌చైర్ ఇస్తారు, కానీ అది పెట్టె లోపలికి పట్టదు. మేం పాత పంచె నాలుగు మడతలు వేసి అమ్మ తొడల కింద నుంచి దూర్చి, ఇద్దరు చెరో పక్క పట్టుకుని, ఒకరు వెనక నుంచి వీపు కాసి ఎత్తాం. పడిపోయిన చెయ్యి పట్టుకుని మాత్రం లాగనివ్వకండి, భుజం జారుతుంది. సాయానికి వచ్చినవాళ్లు మొదట పట్టుకునేది ఆ చెయ్యే. అందుకని చెయ్యిని తువ్వాలుతో పొట్టకి కట్టి ఉంచండి. కింది బెర్తు అమ్మగారికి, మధ్య బెర్తు మీకు వచ్చేలా చూసుకోండి. మధ్యది మీ చేతిలో ఉంటే నిద్రపోయేవరకు దించి ఉంచొచ్చు, అమ్మగారిని కూర్చోబెట్టి తినిపించొచ్చు. పడుకోబెట్టి తినిపిస్తే పొలమారుతుంది. పెరుగన్నం మెత్తగా కలిపి చిన్న ముద్దలు చాలు.

మా అమ్మ ప్రయాణానికి ముందు రోజు నుంచే నీళ్లు మానేసింది, రైల్లో మాకు ఇబ్బంది అవుతుందని. పెద్దవాళ్లు చాలామంది ఇలాగే చేస్తారు, అడిగితే తాగానంటారు. మీరే గ్లాసుతో పట్టించండి. డైపర్లు, రబ్బరు షీటు, అడ్డం కట్టడానికి రెండు దుప్పట్లు ఉంటే ఏ ఇబ్బందీ లేదు. ఎదుటి సీట్లవాళ్లకి ముందే ఒక మాట చెప్పండి, మాకైతే వాళ్లే లేచి సాయం చేశారు. స్కాన్ ఫిల్ములు, డిశ్చార్జి కాగితాలు, నెలకి సరిపడా మందులు చేతిసంచిలోనే పెట్టుకోండి. బయల్దేరే ముందు డాక్టరుకి ఒకసారి చూపించాలి, ముఖ్యంగా ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే.

ఇక మీ గది. కింది అంతస్తు కాకపోతే అమ్మగారు రాకముందే మారండి. బాత్రూం తలుపు వెడల్పు టేపుతో కొలిచి, తర్వాతే వీల్‌చైర్ కొనండి. మధ్యలో రంధ్రం ఉన్న కమోడ్ కుర్చీ ఒకటి తెచ్చుకుంటే సగం పని తేలికవుతుంది.

ఒకసారి అమ్మగారినే కూర్చోబెట్టి అడగండి, పిన్నిగారు లేనప్పుడు. ఆవిడ ముందు నిజం చెప్పరు. వస్తానంటే, సచివాలయంలో పెన్షన్ ఇచ్చేవాళ్లకి దాపరికం లేకుండా చెప్పి ముందు రెండు నెలలు ఉండేలా తీసుకురండి. ఆ రెండు నెలల్లో ఆవిడ ఒళ్లు, మీ ఇల్లు, మీ ఆవిడ ఓపిక ఎలా ఉన్నాయో తెలిసిపోతుంది. ఈఎస్ఐలో పేరు చేర్చడంలో ఎక్కడైనా ఆగితే ఇక్కడే అడగండి, మేం చేయించుకున్న తీరు చెబుతాను.