అత్తగారి గురించి అబద్ధం రాయలేను, నిజం రాయలేను

ప్రశ్న: మాది రేపల్లె దగ్గర పల్లె. లూథరన్ క్రైస్తవ కుటుంబం. మా అత్తగారు పోయినేడు ప్రభువునందు నిద్రించారు. మిషన్ స్కూల్లో పనిచేశారు కాబట్టి ఊరందరికీ ఆవిడ టీచరమ్మ. స్త్రీల సమాజానికి చాలా ఏళ్లు పెద్దగా ఉన్నారు. ఆదివారం గుడిలో కనబడలేదంటే ఒంట్లో బాగాలేదేమోనని జనం ఇంటికి వచ్చేవారు. చివరి ఏళ్లలో మంచాన పడితే నేనే చూసుకున్నాను. వచ్చే నెల ఏడాది జ్ఞాపకార్థ కూడిక. అమెరికాలో ఉన్న ఆడపడుచు, హైదరాబాద్‌లో ఉన్న మరిది చిన్న పుస్తకం వేయిద్దామంటున్నారు. "వదినా, దగ్గరుండి చూసినదానివి, అమ్మ జీవితం నువ్వే రాయాలి" అని పట్టుబడుతున్నారు. మా పుట్టింటివాళ్లు ఒంగోలు వైపు బాప్టిస్టులు, పసిబిడ్డలకు బాప్తిస్మం ఇవ్వని వేరే క్రైస్తవ శాఖ. ఆ సంగతి ఎత్తి అత్తగారు నన్ను అనని మాట లేదు. నా పెద్దబిడ్డకు నన్ను అడగకుండానే చిలకరింపు బాప్తిస్మం ఇప్పించారు. అది నా భర్తకు తప్ప ఎవరికీ తెలియదు. ఆవిడ పోయిన రోజు నాకు ఏడుపు రాలేదు, హమ్మయ్య అనిపించింది. ఆ మాట గుర్తొచ్చి రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. పైగా సంఘపెద్దలు "ఇక మీ అత్తగారి స్థానం నీదే" అంటున్నారు. ఏం చేయను?
– ఒక కోడలు

జవాబు: ముందు ఆ 'హమ్మయ్య' సంగతి చూద్దాం. మంచాన ఉన్న మనిషికి అన్నీ ఎత్తిపోసి, వేళకు మందులు వేసి, రాత్రి మూలిగినప్పుడల్లా లేచినవాళ్లు ఆ మనిషి పోగానే ఏడవాలని రూలేమీ లేదు. మీ ఒళ్లు అలసిపోయింది, అంతే. ఆవిడ చావు మీరు కోరుకోలేదు. ఈ మాట నాకు చెప్పుకున్న కోడళ్లూ కూతుళ్లూ చాలామంది ఉన్నారు. అందరూ గొంతు తగ్గించే చెబుతారు. అయితే ఏడాది కావస్తున్నా నిద్ర లేదంటున్నారు, దాన్ని వదిలేయకండి. డాక్టరుకు చూపించుకోండి. బయటికి వెళ్లడం కుదరకపోతే 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్ అనే ప్రభుత్వ సేవ అది. ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇక పుస్తకం. మీవాళ్లు ఎదురుచూస్తున్న రాత ఎలా ఉంటుందో నేను ఊహించగలను. ప్రార్థనాపరురాలు, ఆతిథ్యమిచ్చే తల్లి, సంఘానికి స్తంభం, తర్వాత సామెతల గ్రంథం 31వ అధ్యాయం నుంచి గుణవతియైన భార్య వచనాలు. ఎవరి సమాధి మీద చెక్కినా సరిపోయే మాటలివి. వీటికి మీరెందుకు? ప్రింటింగ్ ప్రెస్‌లో కుర్రాడే పాత పుస్తకం చూసి కొట్టేస్తాడు.

బైబిల్లో అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయంలో దొర్కా అనే శిష్యురాలు చనిపోయినప్పుడు ఏం జరిగిందో ఒకసారి తీసి చూడండి. పేతురు వచ్చేసరికి విధవరాండ్రు ఏడుస్తూ, ఆమె తమకు కుట్టిపెట్టిన అంగీలూ వస్త్రాలూ చూపించారు. ఆమె గొప్పదని ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. మీరూ ఆ దారి పట్టండి. ఆవిడ ఎవరికి అక్షరాలు నేర్పారు, ఎవరి ఫీజు కట్టారు, వంటకు బియ్యం కొలిచేటప్పుడు గుడికి ఇవ్వడానికి దేవుడి కుండలో పిడికెడు తీసిపెట్టేవారా, ఏ కీర్తన అందుకుంటే గుడిలో మిగతావాళ్లు శ్రుతి సర్దుకునేవారు? 1977 నవంబరు ఉప్పెన దివిసీమను ముంచినప్పుడు మీవైపూ నీళ్లొచ్చాయి. ఆ వారం ఆవిడ ఏం చేశారో ఊళ్లో ముసలివాళ్లను అడగండి. ఆవిడ దగ్గర చదివినవాళ్లు నలుగురైదుగురు చెప్పింది వాళ్ల మాటల్లోనే రాసుకుంటే సగం పుస్తకం అయిపోతుంది. అప్పుడు మీకు లేని ప్రేమ నటించాల్సిన పనీ ఉండదు.

పాస్టరుగారిని అడిగి గుడిలోని బాప్తిస్మ, వివాహ రిజిస్టర్లు కూడా చూడండి. మీ అత్తగారి అమ్మ, అమ్మమ్మల పేర్లు దొరకవచ్చు. 1842లో హయ్యర్ అనే మిషనరీ గుంటూరు వచ్చాక అక్కడ మిషన్ బళ్లు లేచాయి, తర్వాత ఆడవాళ్లకు బైబిలు చెప్పే 'బైబిలు స్త్రీలు' ఇంటింటికీ తిరిగారు. మీ అత్తగారి ఇంట్లో మొదట చదువుకున్న ఆడమనిషి ఎవరో తెలిస్తే అది తప్పకుండా రాయండి. గుడి విషయంలో ఆవిడకున్న పట్టు ఎక్కణ్నుంచి వచ్చిందో మనవళ్లకు కొంత అర్థమవుతుంది.

ఆ పట్టు వల్లే మీకు దెబ్బ తగిలింది. లూథరన్లకు పసిబిడ్డకు బాప్తిస్మం ఆలస్యం చేయడమంటే భయం. మీవాళ్ల సంగతి వేరు. 1878లో కరువు తర్వాత గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మంది మునిగి బాప్తిస్మం తీసుకున్న చరిత్ర వాళ్లది. విశ్వసించి, తెలిసి మునగాలంటారు. ఆవిడ తన నమ్మకం ప్రకారం బిడ్డకు మేలే చేశాననుకుని ఉంటారు. అయినా తల్లిని అడగకపోవడం తప్పే. టీచరమ్మ చేసినా తప్పే.

ఆ తప్పును పుస్తకంలో పెట్టమని మాత్రం చెప్పను. జవాబు చెప్పుకోవడానికి ఆవిడ లేరు. బిర్యానీ ప్లేటు పట్టుకుని పేజీలు తిప్పేవాళ్ల నోట మీ బిడ్డ పేరు పడటం మీకూ ఇష్టముండదు. కానీ 'కోడళ్లను కన్న కూతుళ్లలా చూసుకున్నారు' అన్న వాక్యం ఎవరు అడిగినా రాయకండి. 'మాట కరుకు, సంఘం విషయంలో ఎవరి మాటా వినేవారు కాదు' అని రాయండి. ఎవరైనా నొచ్చుకుంటే, శారా తన దాసి హాగరును శ్రమపెట్టిందని ఆదికాండమే దాచకుండా చెప్పిందని గుర్తుచేయండి. బాప్తిస్మం సంగతి ఆడపడుచుకు విడిగా, పుస్తకం ప్రెస్‌కు వెళ్లకముందే ఫోన్‌లో చెప్పండి. ఆమె ఒప్పుకోకపోవచ్చు. 'అమ్మ అలా చేసి ఉండదు' అనవచ్చు. వాదించకండి. 'నేను ఇన్నేళ్లు ఎవరికీ చెప్పలేదు, నీకు తెలియాలని చెప్పాను' అని ఊరుకోండి. మీ పక్కన కూర్చుని ఆ ఫోన్ వినే బాధ్యత మీ భర్తది. తెలిసీ ఇంతకాలం మౌనంగా ఉన్నది ఆయనే.

స్థానం మాటకొస్తే, స్త్రీల సమాజం పెద్దరికం ఊరి లెక్కలు చూసే కరణీకం కాదు, వంశపారంపర్యంగా రావడానికి. ఆ కరణీకాలనే 1984లో తీసేశారు. మీకు ఇష్టముంటే చేయండి, లేదంటే 'ఒక ఏడాది నన్ను వదిలేయండి' అని పెద్దలతో చెప్పండి. అసలు బరువు ఇంట్లో ఉంది. క్రిస్మస్‌కు అందరికీ వండటం, ఈస్టర్‌కు ముందు సమాధి శుభ్రం చేయించి సున్నం వేయించడం, వచ్చేపోయే పాస్టర్లకు భోజనాలు, ఇవన్నీ అత్తగారితోపాటు చడీచప్పుడు లేకుండా మీ మీదికి వచ్చేస్తాయి. కూడికకు అందరూ వస్తున్నారు కదా, అప్పుడే పంచేయండి. సమాధి ఖర్చు ఆడపడుచుది, ఈసారి క్రిస్మస్ హైదరాబాద్‌లో మరిది ఇంట్లో. వినడానికి మోటుగా ఉన్నా, అమ్మ మీద ప్రేమ ఉన్నవాళ్లు కాదనరు.

ఇంకొకటి. ఇలాంటి పుస్తకాల చివర 'ఇట్లు, కుటుంబ సభ్యులు' అని వేసి వదిలేస్తారు. మీరు రాస్తే కింద మీ పేరు అచ్చు వేయించండి. 'పెద్ద కోడలు' అని కాదు, మీ సొంత పేరు.