మల్లవరం డ్యామ్‌కి గాలం పట్టుకుని వెళ్లొచ్చా?

‘ఒంగోలు దగ్గర ఆదివారం గాలం వేసుకుంటూ, పిల్లల్తో సరదాగా గడపడానికి గుండ్లకమ్మ రిజర్వాయర్, అదే మల్లవరం డ్యామ్, బాగుంటుందా?’ అని అడిగారు. వెళ్లండి. కానీ ఆన్‌లైన్‌లో కొన్న రీలు కర్రను మాత్రం ఇంట్లోనే పెట్టండి.

2021 సంక్రాంతి మర్నాడు మా బావమరిదీ నేనూ వెళ్లాం. వాడి చేతిలో మెరిసిపోయే రీలు, దానికి ప్లాస్టిక్ చేప. గట్టున వెదురుకర్రతో కూర్చున్న పెద్దాయన అది చూసి, ‘ఏం అబ్బాయా, అది చేపను పట్టేదా, చేపకు చూపించేదా?’ అన్నాడు. పది నిమిషాల్లో దారం నీళ్లలో దేనికో తగులుకుని తెగింది. ‘అక్కడ తుమ్మ మోళ్లున్నాయి. చేపలు ఉండేదీ వాటి దగ్గరే, గాలాలు పోయేదీ అక్కడే’ అని, జాలిపడి మాకో చిన్న గాలం, నాలుగు వానపాములు ఇచ్చాడు.

మధ్యాహ్నం దాకా బెండు కదల్లేదు. కదిలాక పడింది జానెడు జెల్ల. ఆత్రంగా పట్టుకున్నాను, దాని ముల్లు బొటనవేల్లో దిగింది. ఆ నొప్పి పగవాడిక్కూడా వద్దు. పెద్దాయన టీ బంకు నుంచి వేణ్ణీళ్లు తెప్పించి వేలు ముంచమన్నాడు. తగ్గింది.

ఉత్త చేతుల్తో వెళ్లలేక దారిలో రెండు కిలోల బొచ్చె కొన్నాం. మా అత్తగారు మొప్ప ఎత్తి చూసి, ‘డ్యామ్‌లో ఐస్ కూడా వేస్తున్నారా బాబూ?’ అన్నారు. పులుసు మాత్రం అదిరింది.

ఇక గట్టున బీరు సీసాలు, బిర్యానీ ప్యాకెట్లు, పెళ్లి ఫొటోల వాళ్ల రంగు పొగలు. పిల్లల్ని చెప్పుల్లేకుండా నడవనివ్వకండి. జలాశయాల్లో చేపల మీద బతికేది మత్స్యకారులు. కాబట్టి ముందు వాళ్లని ఓ మాట అడిగి గాలం వేయండి.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. ఇదే గుండ్లకమ్మ మీద పైన కంభం చెరువు ఉంది. విజయనగర రాజుల కాలం నాటి కట్ట, ఇప్పటికీ చెక్కుచెదరలేదు. మన మల్లవరం డ్యామ్ ప్రారంభమైంది 2008లో. 2022లో ఒక గేటు కొట్టుకుపోయింది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వెళ్లిన రెండు మూడు రోజులకే ఇంకొకటి పోయింది. 80 వేల ఎకరాల ఆయకట్టు అని చెప్పుకున్న నీళ్లు సముద్రం పాలు. ఏటా గేట్లకు గ్రీజు పెట్టి, తుప్పు గీకి, రంగు వేస్తే ఇలా అయ్యేదే కాదని నా గట్టి నమ్మకం. ఇంజినీర్లు ఏమన్నా సరే. బోటు షికారు, పార్కు అంటూ మాట్లాడేవాళ్లు ముందు నీళ్లు నిలిచే దారి చూడాలి.

రెండో గేటు పోయాక ఓసారి వెళ్లాం. మా గాలం తెగిన చోట బురదా, తుమ్మ మోళ్లూ బయటపడి ఉన్నాయి. మా బావమరిది ప్యాంటు మడిచి దిగి, తన ప్లాస్టిక్ చేప కోసం అరగంట వెతికాడు. దొరకలేదు.

కాబట్టి బయల్దేరే ముందు డ్యామ్‌లో నీళ్లెంత ఉన్నాయో డ్యామ్ ఉన్న మద్దిపాడు వైపు ఎవరికైనా ఫోన్ చేసి కనుక్కోండి.