బత్తాయి ఆకు పసుపెక్కితే ముందు ఎక్కడ చూడాలి

బిడ్డా,

నువ్వు పంపిన ఫొటోలు చూసిన. ఆకులు పసుపెక్కినయని సూక్ష్మపోషకాల మందు తెస్తానన్నవు. కొద్దిగా ఆగు. పసుపు ఎక్కడ మొదలైందో చూడకుండా మందు కొడితే డబ్బులూ పోతయి, అసలు జబ్బుకు ఇంకో నెల గడువు ఇచ్చినట్టూ అయితది. తోటలోకి పోయి ముందు చెట్టు మొదలు చూడు, తర్వాత ఆకు చూడు.

మొదలు దగ్గర మట్టి పక్కకు తీసి, అంటు కట్టిన చోటు మట్టిలో మునిగిందా చూడు. బెరడు మీద బంక కారుతున్నదా, కత్తి కొనతో గీకితే లోపల గోధుమరంగు కనబడుతున్నదా చూడు. పాదులో నాలుగైదు పిల్లవేళ్లు తీసి చేతివేళ్ల మధ్య పట్టి లాగు. పైపొర ఊడొచ్చి లోపల సన్న దారం మాత్రమే మిగిలితే వేరుకుళ్లు పట్టినట్టే. అట్లాంటి చెట్టుకు ఆకు మధ్య ఈనె పసుపెక్కుతది, మిగతా భాగం కొన్నాళ్లు ఆకుపచ్చగనే ఉంటది. పోషక లోపంలో చాలావరకు దీనికి తలకిందులు, ఈనెలు ఆకుపచ్చగా ఉండి ఈనెల మధ్య భాగం పసుపైతది. వేరు పనిచేయనప్పుడు ఆకు మీద ఎంత జింకు కొట్టినా నిలవదు. ఫొటోలో నీ పాదులో నీళ్లు కాండాన్ని తాకుతూ నిలిచినయి, నా అనుమానమంతా అక్కడే.

వేరుకుళ్లే అయితే కుళ్లిన బెరడును మంచి బెరడు కనబడేదాకా గీకి, ఆ పొట్టును తోట బయట కాల్చు. తర్వాత బోర్డో పేస్టు పూయాలి. 1 కిలో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) 5 లీటర్ల నీళ్లలో, 1 కిలో పొడి సున్నం ఇంకో 5 లీటర్లలో విడివిడిగా కలిపి, రెండూ ఒకేసారి మూడో తొట్టిలో పొయ్యి. ప్లాస్టిక్ తొట్లే వాడు, ఇనుప బకెట్ వద్దు. మెరిసే ఇనుప కత్తి అందులో కాసేపు ముంచి తీస్తే ఎర్రటి పొర పట్టిందంటే సున్నం చాలలేదు, ఇంకొంచెం కలుపు. నేల నుంచి రెండు మూడడుగుల ఎత్తు దాకా పూయి. వానలకు ముందు ఒకసారి, వానలు తగ్గినంక ఒకసారి. పాదులో మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిసిన మందు లీటరుకు 2 గ్రాముల చొప్పున కలిపి, పిల్లవేళ్లున్న మేర తడిసేలా పొయ్యి. కాండం చుట్టూ మట్టి ఎగదోసి గట్టు కట్టి, దానికవతల ఇంకో గట్టు వేసి, నీళ్లు రెండింటి మధ్యనే పారనియ్యి. ఈ రెండు గట్ల పని చేయకుంటే పైన చెప్పినదంతా వృథా.

మొదలు, వేరు బాగుంటే అప్పుడు ఆకు చూడు. కొత్త చిగురులో ఆకు చిన్నదై, సన్నబడి, నిటారుగా నిలబడి, ఈనెల మధ్య పసుపైతే జింకు లోపం. మన దిక్కు ఎక్కువగా కనబడేది ఇదే. ఆకు సైజు తగ్గకుండా సన్న ఈనెలు సైతం ఆకుపచ్చ వల లాగ తేలితే ఇనుము లోపం. అది సున్నపు నేలల్లో, నీళ్లు ఎక్కువైన చోట వస్తది. ముదురాకు అంచులు పసుపై, తొడిమ దగ్గర ఆకుపచ్చ ముక్కోణం మిగిలితే మెగ్నీషియం. ముదురాకులు మొత్తంగా పాలిపోతే నత్రజని. పూతకని నీళ్లు ఆపి చెట్టును బెట్టకు పెట్టినప్పుడు పసుపైతే అది జబ్బు కాదు, కంగారుపడకు.

లోపమే అయితే ఆకు మీద కొట్టే మందు ఇట్ల కలుపు: 100 లీటర్ల నీటికి జింకు సల్ఫేట్ 500 గ్రాములు, మాంగనీసు, మెగ్నీషియం సల్ఫేట్లు, అన్నభేది (ఇనుము సల్ఫేట్) ఒక్కొక్కటి 200 గ్రాములు, బోరాక్స్ 100, సున్నం 600, యూరియా 1 కిలో. సున్నం వేరేగా కలిపి గుడ్డలో వడగట్టి పొయ్యి. సున్నం లేకుండా కొడితే లేతాకు మాడుతది. ఇందులో భాస్వరం మందు ఏదీ కలపకు, జింకు విరిగి అడుగున పడుతది. చిగురాకు సగానికి పైగా విచ్చుకున్నంక, గట్టిపడకముందే, సాయంత్రం పూట కొట్టు. ఇప్పటికే పసుపెక్కిన ఆకు పూర్తిగా తేరుకుంటదని చూడకు, వచ్చే చిగురును చూడు.

ఇంకొక్కటి, ఇది మాత్రం అశ్రద్ధ చేయకు. మధ్య ఈనెకు కుడివైపు మచ్చ ఒక తీరు, ఎడమవైపు ఇంకో తీరు ఉన్నదా? పోషక లోపమైతే రెండు వైపులా దాదాపు ఒకే తీరుగా ఉంటది. మచ్చలు పొంతన లేకుండా ఉండి, ఒక్క కొమ్మతో మొదలై, కాయ ఒకవైపుకు వంకరపోయి, కోస్తే గింజలు నల్లబడి తాలుగా ఉంటే గ్రీనింగ్ తెగులు కావచ్చు. దానికి నయం చేసే మందు లేదు. చిగుళ్ల మీద తోక పైకెత్తి కూర్చునే సిల్లా పురుగు దాన్ని చెట్టు నుంచి చెట్టుకు మోస్తది. అనుమానం వస్తే ఆకులు, కాయ సంచిలో పెట్టి నల్లగొండ జిల్లా కొండమల్లేపల్లిలోని ఉద్యాన పరిశోధన కేంద్రంలో చూపించు. అవునని తేలితే ముందు ఆ చెట్టు మీద పురుగు మందు కొట్టి, ఆ తర్వాతే వేళ్లతో సహా తీయించు. కొట్టకుండా నరికితే పురుగంతా లేచి పక్క చెట్ల చిగుళ్ల మీద వాలుతది.

మీ పెదనాయన